అడుగున మిగిలిన పల్లీ ముద్ద ఎవరు ఒడగొట్టినట్టు?

మా ఇంట్లో మామిడికాయ తొక్కు అయిపోతే ఎవరూ ఎవరినీ నిలదీయరు. చింతపండు నిండుకుంటే సామాన్ల చీటీలో రాసుకుంటాము, అంతే. పీనట్ బటర్ సీసా ఖాళీ అయినప్పుడు మాత్రం విచారణ మొదలవుతుంది. "ఎవలు ఒడగొట్టిండ్రు?" అనే ప్రశ్న వంటగదిలో పుట్టి, హాలు దాటి, డాబా మీద బట్టలు ఆరేస్తున్న మనిషి దాకా వెళుతుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, దాన్ని మేము కొనము, ఇంట్లోనే చేసుకుంటాము. బీట్ బజారు నుంచి తెచ్చిన పల్లీలను అత్తమ్మ చాటలో పోసుకొని, ముడుతలు పడినవి, రంగు మారినవి, బూజు వాసన వేసేవి ఒక్కొక్కటిగా ఏరి పారేస్తారు. పిల్లలు దీన్ని చాదస్తం అంటారు గానీ, కాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు, వాటి మేతలో కలిపిన బ్రెజిల్ పల్లీచెక్కలో ఒక రకం బూజు వల్ల పుట్టిన విషం ఉన్నట్టు తేలింది. అఫ్లాటాక్సిన్ అని తరువాత పేరు పెట్టింది ఆ విషానికే. వేయించినంత మాత్రాన అది పూర్తిగా పోదు కాబట్టి, చాట ముందు కూర్చొని ఏరే ఆ ఓపికకు మించిన ఉపాయం వంటింట్లో మరొకటి లేదు.

ఏరిన పల్లీలను సన్నని మంట మీద వేయించి, చేతులతో నలిపి, పొట్టు చెరిగి, ఇంకా వెచ్చగా ఉండగానే మిక్సీలో వేస్తాము. మొదట పొడి అవుతుంది. తరువాత ఆ పొడి ముద్దకట్టి గిన్నె గోడలకు అతుక్కుపోతుంది. కొత్తవాళ్లు ఇక్కడే చెడిపోయిందనుకొని నీళ్లు పోస్తారు, పోయకూడదు. మిక్సీని ఆపుతూ, గోడలను గీకి మధ్యకు తోస్తూ, మోటారు వేడెక్కితే కాసేపు ఆగుతూ తిప్పుతుంటే, ఉన్నట్టుండి ముద్ద మెరుపెక్కి దోసె పిండిలా జారడం మొదలవుతుంది. పల్లీ గింజ బరువులో దాదాపు సగం నూనె. బ్లేడు దెబ్బకు గింజలోని కణాలు చితికి ఆ నూనె బయటికి వస్తుంది కాబట్టి, వేరే నూనె చుక్క కూడా అక్కరలేదు. చిటికెడు ఉప్పు చాలు.

తగాదాకు మూలం కూడా ఆ నూనెలోనే ఉంది. సీసాలో పోసి కదపకుండా ఉంచితే, తేలికైన నూనె పైకి తేలుతుంది, బరువైన పిండి అడుగుకు దిగి గట్టిపడుతుంది. అమెరికాలో వ్యాపారులకు కూడా మొదట్లో ఇదే తలనొప్పి. కెనడాకు చెందిన మార్సెలస్ ఎడ్సన్ వేయించిన పల్లీల ముద్దకు అక్కడ 1884లోనే పేటెంటు పొందినా, జాన్ హార్వీ కెల్లాగ్ 1895లో తన పద్ధతికి దరఖాస్తు పెట్టినా, తేలే నూనె తేలుతూనే ఉండేది. 1920ల తొలినాళ్లలో జోసెఫ్ రోజ్‌ఫీల్డ్ కొంత హైడ్రోజనీకరించిన నూనె, అంటే హైడ్రోజన్ చేర్చి గట్టిపరచిన నూనె, కలిపే పద్ధతి కనిపెట్టిన తరువాతే, నెలల తరబడి విడిపోకుండా నిలిచే సరుకు దుకాణాలకు చేరింది. దుకాణం సీసాలో పై చెంచా, అడుగు చెంచా ఒకే తీరుగా ఉండడం ఆ కాస్త కలుపు చలవే. మా సీసాకు ఆ భాగ్యం లేదు, కలియబెట్టే మనిషి ఉంటే తప్ప.

ఆ మనిషి మా ఇంట్లో లేడు. మా అబ్బాయి జిమ్ నుంచి వచ్చి చెంచాను నిలువునా దించుతాడు. సీసా నడుమ బావి తవ్వినట్టు గుంట పడి, చుట్టూ ఉన్న నూనె అందులోకి ఊరుతుంది. రెండు పెద్ద చెంచాలకు సుమారు 190 కేలరీలు, ఏడెనిమిది గ్రాముల ప్రొటీను అని లెక్క చెబుతాడు. ప్రొటీను సంగతి గట్టిగానే చెబుతాడు, కేలరీల దగ్గర గొంతు తగ్గిస్తాడు. మా అమ్మాయి చెంచాను ముట్టదు, వేలితోనే సీసా గోడ తుడుస్తుంది. మా ఆయన చపాతీ ముక్కను పైన తేలిన నూనెలో అద్దుకుంటూ, "నేను తినుడే తక్కువ" అంటారు. వీళ్లందరూ పై మెత్తదనాన్ని పంచుకున్నాక అడుగున మిగిలేది నూనె ఇంకిపోయిన గట్టి పొర. దాన్ని గీకడం కష్టం, తింటే అంగిలికి అంటుకుంటుంది. అందుకే చివరి రెండు చెంచాల ముద్ద రోజుల తరబడి అలాగే ఉంటుంది. ఎవరూ తినరు, ఎవరూ కడగరు, తీరా అది మాయమైతే మాత్రం అందరూ హక్కుదారులే.

మొన్న ఆదివారం సాయంత్రం సీసా కడిగి బోర్లించి కనిపించింది. అబ్బాయి చెల్లెలిని అనుమానించాడు. అది తన వేలు అడుగుదాకా అందదని సీసాలో పెట్టి మరీ చూపించింది. మా ఆయన పేపరు నుంచి తల ఎత్తలేదు గనుక అనుమానం అటు మళ్లింది. పూజగదిలో వత్తులు చేసుకుంటున్న అత్తమ్మ కాసేపు అంతా విని, అక్కడి నుంచే అడిగారు:

"పగటీలి వంకాయ కూర ఎట్లుండె?"

బాగుందని అందరూ ఒప్పుకున్నారు. మా ఆయన అయితే రెండోసారి వేయించుకున్నారు కూడా.

"మరి అండ్లనే ఏసిన. సీసల ఉడుకు నీళ్లు పోసి గిలకొట్టి మసాలల కలిపిన. మీరు అందరు తిన్నరు, ఇంక ఎవలిని అడుగుతరు?"

గుత్తి వంకాయలో పల్లీలు, నువ్వులు, కొబ్బరి నూరి వేయడం మా వైపు మామూలే కాబట్టి, రుచిలో తేడా ఎవరికీ తెలియలేదు. పిల్లలు దీన్ని ఒప్పుకోలేదు. కూరలో కలిపితే అది తిన్నట్టు కాదని అబ్బాయి, అడగకుండా తీశారు కాబట్టి తప్పేనని అమ్మాయి వాదించారు. నా తీర్పు మాత్రం అత్తమ్మ పక్షమే. వేడి నీళ్లకు వదులయ్యే దాన్ని చెంచాతో పొడుస్తూ కూర్చున్నది మేము. పైగా, సీసాను ఒడగొట్టింది అడుగు గీకిన మనిషి కాదు, మొదటి వారంలోనే కలియబెట్టకుండా నూనె తోడుకున్నవాళ్లు. మా ఆయన చపాతీ ముక్కను నేను ప్రత్యేకంగా ప్రస్తావించాను. ఆయన పేపరులో పేజీ తిప్పారు.

ఈసారి తెచ్చిన పల్లీలు ఏరడం అయింది, వేయించడం మిగిలింది. అందులో సగం ముందే పక్కన తీసి కూరపొడికి ఉంచాలని అత్తమ్మ, సగం తీస్తే వారం కూడా రాదని అబ్బాయి పట్టుబడుతున్నారు. మిక్సీ తిప్పేవాడికే తొలి మాట చెల్లుతుందని నేను అన్నాను. మిక్సీ ఇంకా అటక మీదనే ఉంది.