శాలువా

పదకొండున్నరయింది, నిద్ర పట్టడం లేదు. పొద్దుటి పేపర్లో ఫొటో: లొంగిపోయిన మావోయిస్టుకి శాలువా, చేతిలో చెక్కు, చుట్టూ నవ్వు మొహాలు. అత్తమ్మ ఆ పేపరు మడిచి బియ్యం డబ్బా కింద పెట్టేసింది.

డబ్బుతో నాకు పేచీ లేదు. కేంద్రం లెక్కలో పై క్యాడర్‌కి 5 లక్షలు, కింది వాళ్లకి 2.5 లక్షలు, అదీ మూడేళ్లు డిపాజిట్లో. మావోయిస్టుల చేతిలో చనిపోయిన వాళ్ల కుటుంబానికీ 2016లో 3 లక్షల్ని 5 చేశారు. కాకపోతే ఆయన దగ్గరికి చెక్కు నడిచొస్తుంది, చనిపోయినాయన భార్యేమో ఎఫ్ఐఆర్ కాపీ పట్టుకుని కలెక్టరేట్ మెట్లెక్కాలి. పైగా ఆయన వచ్చాడన్న కబురు టీవీలో చూసి తెలుసుకోవాలి, లేదా దోర్నాల బస్టాండులో ఎదురుపడి. పది రోజులు ముందు ఇద్దరు మనుషులు, ఒకరు ఆడమనిషి, పోలీసు జీపు లేకుండా ఆ ఇంటికెళ్లి చెబితే ఏం పోయింది? ఏ ఊళ్లో ఉంటాడు, కేసులు ఉన్నాయా లేవా, ఏ సంతకి వస్తాడు. అంతే. 'క్షమించమ్మా' అని మాత్రం మనం ఎత్తకూడదు. ఎత్తారా, ఆ గడప మళ్లీ తొక్కనివ్వరు.

2004 అక్టోబరు 11. చినారుట్ల దగ్గర నల్లమల అడవిలోంచి నక్సల్ నాయకులు బయటికొచ్చిన రోజు. ఎక్కడ చూసినా జనం, కెమెరాలు. 15 నుంచి 18 దాకా హైదరాబాదులో ప్రభుత్వంతో చర్చలు. కాల్పుల విరమణ, భూములు, ఆయుధాలు అన్నీ బల్ల మీదికొచ్చాయి. పోలీసు 'ఇన్‌ఫార్మర్' అని ముద్రేసి చంపిన ఇళ్ల వాళ్లకి మాత్రం ఒక్క కుర్చీ లేదు. మరుసటేడు ఆగస్టుకి మావోయిస్టు పార్టీ మీద మళ్లీ నిషేధం. పార్టీ మీద నిషేధం పెట్టడానికీ తీయడానికీ జీవో ఉంది, ఆ ముద్ర తీసే జీవో ఏదీ? ఆ ఇంటి పిల్లకి సంబంధం చూసేటప్పుడూ అదే మాట.

రాస్తుంటే అనిపిస్తోంది, శాలువా మీద నా కోపం దండగేమో. వాళ్లకి కావాల్సింది ఒక్క మాట: 'మీ నాయన ఇన్‌ఫార్మర్ కాదు.' ఆ మనిషి నోటితోనే, ఊరు వినేట్టు. చెప్పించడం తేలికేం కాదు. 'పార్టీ నిర్ణయం' అని దాటేస్తాడు. అంతా చెప్పాడా, కేసు మెడకి చుట్టుకుంటుంది, అందుకే లాయరుతో ముందే మాట్లాడుకోవాలి. స్పెయిన్‌లో 2011లో నాంక్లారెస్ జైల్లో ఈటీఏ (బాస్క్ ప్రాంతం విడిపోవాలని ఆయుధాలు పట్టిన సంస్థ) వాళ్లని బాధితుల ఎదుట కూర్చోబెట్టే ముందు మధ్యవర్తులు రెండు వైపులా విడివిడిగా మాట్లాడారు. వచ్చినందుకు శిక్షలో రాయితీ ఏమీ లేదు. భర్తని పోగొట్టుకున్న మైషాబెల్ లాసా, ఆయన్ని చంపిన వాళ్లలో ఒకడికి ఎదురుగా కూర్చుంది. ఇక్కడ చెక్కుకీ ఆ మాటకీ ముడిపెట్టారో, మాట చెల్లదు.

కూర్చోనన్నా తప్పు లేదు లెండి.

ఇందాక పేపరు లాగి మళ్లీ చూశాను. ఫొటో కింద ఆయన పేర్లు రెండు, ఇంట్లో పెట్టిందీ దళంలో పెట్టిందీ. దళం చేతిలో పోయిన వాళ్ల పేరు ఒక్కటీ లేదు.