రాయగడ ఘాట్లలో కారు రేడియో: శాటిలైట్ సెట్టు కొనే ముందు చూసుకోవలసినవి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, జయపురం వైపు కారులో తిరిగే మన తెలుగువాళ్లు తరచుగా అడిగేది ఒకటే. ఘాటెక్కగానే ఫోన్లో నెట్ పోతుంది, ఎఫ్ఎం గరగరలాడి ఆగిపోతుంది. శాటిలైట్ రేడియో ఒకటి కొని డాష్‌బోర్డు మీద పెట్టుకుంటే తిన్నగా ఆకాశం నుంచే పాట వస్తుంది కదా అని. ఆలోచన సరైనదే. కాకపోతే ఇవాళ మన దేశంలో నడుస్తున్న కారులో వినగలిగే శాటిలైట్ రేడియో సర్వీసు లేదు. ఆన్‌లైన్లో ఆ పేరుతో కనిపించేవి రెండు రకాలు. రెండూ ఇక్కడ పాట పలకవు. ఎందుకో తెలిస్తే డబ్బు మిగులుతుంది.

మొదటి రకం పాత వరల్డ్‌స్పేస్ సెట్లు. 2000 మార్చిలో ఎగిరిన ఆసియాస్టార్ ఉపగ్రహం తూర్పు 105 డిగ్రీల దగ్గర నిలబడి 1467 నుంచి 1492 మెగాహెర్ట్జ్ మధ్య ప్రసారం చేసేది. అందులో తెలుగుకు 'స్పందన' అని ప్రత్యేకంగా ఒక చానెలే ఉండేది. నిజంగా మంచి సర్వీసు. 2009 డిసెంబరు 31తో ఇండియాలో ఆగిపోయింది. సెకండ్ హ్యాండులో ఇంకా అమ్మేవాళ్లున్నారు. 'వర్కింగ్ కండిషన్' అంటే లైటు వెలుగుతుందని మాత్రమే. కొన్ని మోడళ్లలో మీడియం వేవ్, ఎఫ్ఎం కూడా ఉంటాయి కాబట్టి ఆ ధరకు మామూలు రేడియోగా పనికొస్తుందనుకుంటే కొనండి, శాటిలైట్ కోసమైతే వద్దు. సర్వీసు ఉన్న రోజుల్లో కూడా కారులో అది కష్టమే. మన రాయగడ నుంచి ఆ ఉపగ్రహం ఆగ్నేయ దిక్కున, నేల నుంచి దాదాపు 57 డిగ్రీల ఎత్తున ఉండేది. యాంటెన్నా పలకను అటే తిప్పి ఉంచాలి. రోడ్డు మలుపు తిరిగినా, సాలచెట్ల నీడలోకి వెళ్లినా ఆగిపోయేది. ఊళ్లలో ఆ లోటు పూడ్చే నేల ట్రాన్స్‌మిటర్లు ఇక్కడ పెట్టనేలేదు.

రెండో రకం అమెరికా నుంచి పిల్లలు తెచ్చేవో, పంపేవో అయిన సిరియస్‌ఎక్స్‌ఎం (అక్కడి శాటిలైట్ రేడియో సర్వీసు) సెట్లు. ఇవి 2320 నుంచి 2345 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. వాటి ఉపగ్రహాలు పశ్చిమ 85, 115 డిగ్రీల ప్రాంతంలో ఉన్నాయి. రాయగడ తూర్పు 83.4 డిగ్రీల దగ్గర ఉంది. అంటే పశ్చిమ 85 డిగ్రీల ఉపగ్రహానికి, మనకు నడుమ 168 డిగ్రీల తేడా. భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహం దాదాపు 80 డిగ్రీల తేడా దాటితే భూమి అడ్డుపడి కనిపించదు. కాబట్టి ఎంత పెద్ద యాంటెన్నా పెట్టినా, ఏ మెకానిక్కు ఇచ్చినా లాభం లేదు. పైగా ప్రతి సెట్టుకూ ఒక రేడియో ఐడీ ఉండి, చందా కట్టి యాక్టివేట్ చేస్తేనే పలుకుతుంది.

అక్కడే ఉండే పిల్లలు అక్కడి కారు కోసం కొంటుంటే మాత్రం వాళ్లకు చెప్పదగినవి కొన్ని ఉన్నాయి. ఆనిక్స్ లాంటి చిన్న సెట్లను 'పోర్టబుల్' అంటారు గాని వాటిలో బ్యాటరీ ఉండదు. డాక్ (సెట్టును బిగించి కరెంటు అందించే స్టాండు) నుంచి తీసి జేబులో వేసుకుంటే మోగవు. కారులో ఒక డాకు, ఇంట్లో ఇంకో డాకు పెట్టుకుని సెట్టును అటూ ఇటూ మార్చుకోవచ్చనే అర్థంలో పోర్టబుల్. లాభం ఏమంటే ఒకే చందాతో రెండు చోట్లా వినవచ్చు. కారులో ఆక్స్ రంధ్రం (బయటి సెట్టు శబ్దాన్ని వైరుతో స్టీరియోలోకి పంపేది) ఉంటే ఆక్స్ వైరుతోనే కలపాలి. అది లేకపోతే యాంటెన్నా తీగలో కలిపే ఎఫ్ఎం అడాప్టరు. గాలిలో ఎఫ్ఎం పంపే పద్ధతి చివరి దారి, పెద్ద ఊళ్లలో ఖాళీ ఫ్రీక్వెన్సీ దొరకదు. అయస్కాంతపు యాంటెన్నాను కారు లోపల గాక పైకప్పు మీద, అంచులకు దూరంగా, కింద రేకు ఉండే చోట పెట్టాలి. సన్‌రూఫ్ అద్దం మీద పెట్టవద్దు.

మన ఆకాశంలో నిజంగా ఉన్న శాటిలైట్ రేడియో అంటే డీడీ ఫ్రీ డిష్. జీశాట్-15 మీద, తూర్పు 93.5 డిగ్రీల దగ్గర. చందా లేదు, టీవీ చానెళ్లతోపాటు ఆకాశవాణి రేడియో చానెళ్లూ ఉంటాయి. కానీ 60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు మూడు డిగ్రీలే. కారు మీద పెట్టి నడిపితే మొదటి మలుపులోనే పోతుంది. బండి ఆపి రాత్రంతా ఉండేవాళ్లకు, అంటే లారీ వాళ్లకు, సంతల్లో వ్యాను పెట్టుకునే వ్యాపారులకు, ఇది బాగుంటుంది. రాయగడలో అయితే డిష్‌ను నిజమైన దక్షిణం నుంచి 28 డిగ్రీలు తూర్పుకు తిప్పి, 65 డిగ్రీల ఎత్తుకు పెట్టాలి. మామూలు ఆఫ్‌సెట్ డిష్‌కు (సిగ్నల్ పట్టే ముక్క నడిమధ్యన కాక కింది వైపు ఉండేదానికి) వంపు 20 డిగ్రీలకు పైగా ఉంటుంది కాబట్టి చూడటానికి అది 40 డిగ్రీల ఎత్తుకే చూస్తున్నట్టు ఉంటుంది. అది చూసి తప్పనుకుని పైకి లేపేయకండి. 12 వోల్టుల సెట్ టాప్ బాక్సు కొంటే ఇన్వర్టరు అక్కర్లేదు. దాని ఆడియో పిన్నుల నుంచి ఆక్స్‌కు వైరు వేస్తే టీవీ లేకుండానే వినవచ్చు. చానెల్ నంబర్లు మాత్రం ముందే టీవీకి కలిపి రాసి పెట్టుకోవాలి. గట్టి వానలో ఈ సిగ్నల్ నిలబడదు.

ఇక నడుస్తున్న కారు సంగతి. మన ఘాట్లలో కొండ దాటి వచ్చేది మీడియం వేవ్. ఎఫ్ఎం చూపు మేరకే పోతుంది కనుక విశాఖ ఎఫ్ఎం సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కేలోపే కొండల వెనక పడిపోతుంది. మీడియం వేవ్ నేలను అంటిపెట్టుకుని పాకుతుంది. మన వైపు తెలుసుకోవలసిన అంకెలు ఇవి: విశాఖపట్నం 927 కిలోహెర్ట్జ్, విజయవాడ 837, జయపురం 1467, కటక్ 972, హైదరాబాద్ 738. (జయపురానిది 1467 కిలోహెర్ట్జ్, వరల్డ్‌స్పేస్ మొదలైంది 1467 మెగాహెర్ట్జ్ దగ్గర. అంకె ఒకటే, పౌనఃపున్యం వెయ్యి రెట్లు తేడా.) రాయగడ నుంచి గీత గీసి కొలిస్తే జయపురం సుమారు 95 కిలోమీటర్లు, విశాఖ 160 పైచిలుకు. దగ్గరి స్టేషనే బాగా రావాలనిపిస్తుంది. అయితే నేల వెంట పోయే తరంగం తక్కువ ఫ్రీక్వెన్సీలో ఎక్కువ దూరం నిలుస్తుంది. రాతి నేలల మీద 1467 త్వరగా నీరసపడుతుంది, 927 ఇంకొంచెం లాగుతుంది. తెలుగు వార్తలు కావాలంటే ముందు 927 మీదే ఆశ పెట్టుకోండి. చీకటి పడ్డాక విజయవాడ, హైదరాబాద్ ఆకాశ తరంగంగా, అంటే పై వాతావరణానికి తగిలి తిరిగి కిందికి దిగి వస్తాయి, పెరుగుతూ తరుగుతూ ఊగుతాయి. అది సెట్టు లోపం కాదు. ఆకాశవాణి కొన్నిచోట్ల మీడియం వేవ్ సమయాలు తగ్గిస్తోంది, కొన్ని ట్రాన్స్‌మిటర్లు ఆపేసింది. అందుకే కొనే ముందు ఎవరి సెట్టయినా అడిగి తీసుకుని, మీ దారిలో పగలొకసారి రాత్రొకసారి వినండి.

కారు స్టీరియోలోనే ఏఎం (మీడియం వేవ్‌కు స్టీరియోల మీద ఉండే పేరు) ఉంటే వేరే సెట్టు వెతకక్కర్లేదు. బయట నిలబడ్డ ఏరియల్ అన్ని దిక్కుల నుంచీ సమానంగా పట్టుకుంటుంది. ఈ మధ్య వేయించుకునే ఆండ్రాయిడ్ స్టీరియోల్లో ఏఎం మెనూలో కనిపిస్తుంది గాని లోపలి భాగం బలహీనంగా ఉంటుంది. పాత కంపెనీ స్టీరియో తీసేసి అమ్మే ముందు ఆ సంగతి ఆలోచించండి. మారుతి, హ్యుందాయ్, మహీంద్రా కార్లలో కొన్నింటికి డీఆర్‌ఎం (మీడియం వేవ్ మీద డిజిటల్‌గా వచ్చే ప్రసారం) పట్టే రేడియో కంపెనీ నుంచే వస్తుంది. మీ కారులో ఉందేమో సెట్టింగుల్లో చూడండి. ఉన్నదని తెలియకుండానే వాడుతున్నవాళ్లు చాలామంది.

ఏఎం లేని కారుకు విడి సెట్టు కొనేటప్పుడు మొట్టమొదట చూడవలసింది 9 కిలోహెర్ట్జ్ మెట్టు. మన స్టేషన్లన్నీ 9 కిలోహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి, అమెరికాలో 10. అమెరికా సెట్టుకు ఆ మార్పిడి లేకపోతే అది 920, 930 అని గెంతుతుంది, 927 మీద నిలబడదు. అక్కడి కొన్ని డిజిటల్ సెట్లు ఎఫ్ఎంలో కూడా 0.2 చొప్పున దూకి బేసి దశాంశాల మీదే ఆగుతాయి. టెక్సన్ పీఎల్-310ఈటీ లాంటి సెట్లలో 9/10 మార్పిడి ఉంటుంది, మూడు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. ముల్లు తిప్పే పాత తరహా రెండు బ్యాండ్ల సెట్టుకు ఈ సమస్యే లేదు గాని, గతుకుల రోడ్డు మీద ముల్లు జరిగిపోతూ ఉంటుంది, నడిపేవాళ్లు దాన్ని సర్దడం ప్రమాదం. అందుకని కారుకు నా ఓటు మెమరీ బటన్లున్న డిజిటల్ సెట్టుకే. 927, 1467, 837 మూడూ మెమరీలో వేసి ఉంచండి. హెడ్‌ఫోన్ రంధ్రం తప్పనిసరి, ఆక్స్‌కు పోయేది అక్కడి నుంచే.

విడి సెట్టుకు దిక్కు ఉంటుంది. ఇది తెలియక చాలామంది మంచి సెట్టును తిట్టుకుంటారు. మీడియం వేవ్‌ను పట్టేది బయట లాగే గొట్టపు ఏరియల్ కాదు, లోపల పై అంచు వెంట పొడుగ్గా పడుకున్న ఫెర్రైట్ కడ్డీ. కడ్డీ పక్కభాగం స్టేషను వైపు ఉంటే శబ్దం నిండుగా ఉంటుంది, కొన స్టేషను వైపు చూస్తే దాదాపు మాయమవుతుంది. రాయగడకు విశాఖ ఇంచుమించు తిన్నగా దక్షిణం. పార్వతీపురం వైపు వెళ్తుంటే కారు కూడా దక్షిణానికే పోతుంది కనుక సెట్టును డాష్‌బోర్డు మీద అడ్డంగా పెట్టండి, కడ్డీ తూర్పు పడమరలుగా పడి 927 బాగా వస్తుంది. అదే లక్ష్మీపురం మీదుగా కోరాపుట్ వెళ్తుంటే కారు పడమరకు తిరుగుతుంది. అడ్డంగా పెట్టిన సెట్టు కొన ఇప్పుడు విశాఖ వైపు చూస్తుంది. సెట్టును పడుకోబెట్టే ఉంచి, కొన ముందు అద్దం వైపు ఉండేలా తిప్పితే గొంతు మళ్లీ వస్తుంది. హెయిర్‌పిన్ మలుపుల్లో శబ్దం వచ్చి పోవడానికి సగం కారణం ఇదే. కాబట్టి జిగురు స్టాండు కాకుండా, తిరిగే స్టాండు కొనండి. పక్కన కూర్చున్నవాళ్లు తిప్పుతారు.

తర్వాత వచ్చే తలనొప్పి గోల. దాన్ని ఒక వరుసలో వెతకాలి. ఇంజన్ ఆపి, తాళం తీసేసి, సెట్టును సెల్స్ మీద 927కు పెట్టండి. శుభ్రంగా ఉంటే తాళం పెట్టి ఇంజన్ వేయండి. పెట్రోలు కారులో వేగంతోపాటు పెరిగే టకటక అయితే స్పార్క్ ప్లగ్గుల వైపు, సన్నని కూతయితే ఆల్టర్నేటరు వైపు. ఆ తర్వాత సిగరెట్ లైటర్ రంధ్రంలోని మొబైల్ చార్జరు, డాష్‌క్యామ్, బయట వేయించిన ఎల్‌ఈడీ లైట్లు ఒక్కొక్కటే పెట్టి తీసి చూడండి. ఎక్కువగా దొరికే దొంగ చవక చార్జరే. 12 వోల్టులను 5కి తగ్గించడానికి అది వేగంగా కోసే కరెంటే మీడియం వేవ్ అంతటా బురబురగా వినిపిస్తుంది. చార్జరు మార్చి చూడండి. దాని వైరును ఫెర్రైట్ క్లిప్పులో మూడు నాలుగు చుట్లు తిప్పండి. అప్పటికీ పోకపోతే 7805 రెగ్యులేటరుతో (కరెంటును కోయకుండా 5 వోల్టులకు దించే చిప్పు) సొంతంగా చార్జరు చేయించుకోవచ్చు: ముందు 1 ఆంపియర్ ఫ్యూజు, ఇన్‌పుట్ కాళ్ల దగ్గర 0.33 మైక్రోఫారడ్, అవుట్‌పుట్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, ఒక హీట్ సింకు. ఆల్టర్నేటరు 14.4 వోల్టులు ఇస్తున్నప్పుడు 0.3 ఆంపియర్లు లాగితే దానిలో దాదాపు 2.8 వాట్లు వేడిగా పోతుంది, అందుకే హీట్ సింకు వదలకూడదు. 24 వోల్టుల లారీకి ఇది పెట్టవద్దు, వేడి రెండున్నర రెట్లు అవుతుంది.

సెల్స్ మీద బాగుండి, చార్జింగూ ఆక్స్ వైరూ రెండూ పెట్టినప్పుడే కూత వస్తే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు వైర్ల గ్రౌండు కలిసి చుట్టులా ఏర్పడి గోల తెచ్చేది. ఆక్స్ వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటరు పెడితే పోతుంది, లేదా చార్జింగ్ తీసేసి సెల్స్ మీదే వినాలి. ఆక్స్ లేని కారులో చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటరు వాడొచ్చు. ఘాట్ల మీద ఖాళీ ఫ్రీక్వెన్సీలకు కొదవ లేదు. విశాఖ, బరంపురం దిగాక మళ్లీ వెతుక్కోవాలి.

సుంకి దగ్గరో, లక్ష్మీపురం దగ్గరో టీ కోసం ఆగి వార్తలు వినాలనుకుంటే ఒక పని చేయండి. పూత ఉన్న సన్నని తీగ ఐదు మీటర్లు తీసుకుని, కడ్డీ ఉన్న చోట సెట్టు చుట్టూ నాలుగైదు చుట్లు చుట్టండి. ఒక కొన చెట్టు కొమ్మ మీదికి విసరండి, ఇంకో కొన కారు ఇనుప భాగానికి తగిలించండి. సెట్టు విప్పనక్కర్లేదు. మబ్బు పట్టి ఉరుములుంటే మాత్రం ఆ తీగ వేయకండి.

మన ఎండాకాలంలో అద్దాలు మూసిన కారులో డాష్‌బోర్డు నిప్పు కణికే. లిథియం బ్యాటరీ సెట్టును అక్కడ వదిలి వెళ్లవద్దు, సీటు కిందో డిక్కీలోనో పెట్టండి. పెన్సిల్ సెల్స్ సెట్టయితే నెల రోజులు వాడకపోతే సెల్స్ తీసేయాలి, లేకపోతే కారి స్ప్రింగులు పచ్చబడతాయి. సెకండ్ హ్యాండ్ సెట్టు కొనేటప్పుడు వెనక మూత తీసి మొదట చూడవలసింది ఆ స్ప్రింగులనే.