పిలుపు వినేవాడి పక్కన

క్యాథలిక్ గురువులను, అంటే ఫాదర్లను, తయారుచేసే మన సెమినరీ పూర్వ విద్యార్థుల సంచిక అనగానే, గురువులైన మిత్రుల గురించి చాలామంది రాస్తారు. రాయాలి కూడా. నేను అక్కడి చదువులో ఒక దశ అయిన ఫిలాసఫీ పూర్తిచేశాక, బాగా ప్రార్థించి, ఇది నా దారి కాదని తేల్చుకుని బయటికి వచ్చినవాణ్ణి. పెళ్లయింది, పిల్లలున్నారు. అయినా గురుత్వం గురించి, అంటే ఫాదర్ కావడం గురించి, ఆలోచించే కుర్రాళ్లు ఎవరైనా ఉంటే మా విచారణ గురువులు (మా ఊరి చర్చిని చూసుకునే ఫాదర్లు) నా దగ్గరికి పంపిస్తుంటారు. వాళ్లతో కూర్చున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది సెమినరీలో మనకు ఆత్మీయ మార్గదర్శిగా ఉన్న స్పిరిచువల్ ఫాదర్ గారే.

ఆయన గదికి వెళ్లడమంటే మొదట్లో అందరికీ టెన్షనే. "ఫాదర్ అవుతావా, అవ్వవా?" అని నిలదీస్తారనుకునేవాళ్లం. ఆయన ఆ ప్రశ్న ఎప్పుడూ వేయలేదు. టేబుల్ అవతల కూర్చోకుండా కుర్చీ ఇవతలికి జరుపుకుని మన పక్కన కూర్చునేవారు. "ఈ వారం ప్రార్థనలో ఏం జరిగిందిరా? ఎక్కడ మనసు కుదుటపడింది? ఎక్కడ బరువెక్కింది?" అంతే. మధ్యలో అందుకునేవారు కాదు. మనం చెప్పడం ఆపేశాక కూడా కాసేపు ఊరుకునేవారు. అసలు విషయం అప్పుడు బయటికొచ్చేది: ఇంటిమీద బెంగ, అప్పుల్లో ఉన్న నాన్న, మనసులో మెదిలే ఒక అమ్మాయి, జీవితాంతం ఒంటరిగా ఉండగలనా అనే భయం.

ఆ పద్ధతి జెస్విట్ సభను స్థాపించిన పునీత ఇగ్నేషియస్ గారి రాతల నుంచి నేర్చుకున్నదని ఆయనే చెప్పారు. 1521లో స్పెయిన్‌లోని పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి ఇగ్నేషియస్ మంచాన పడ్డారు. రాచకొలువు, వీరత్వం ఊహించుకుంటే అప్పటికి హాయిగా ఉండి తర్వాత మనసు వెలితిపడేది. పునీతుల్లా బతకాలని ఊహించుకుంటే ఆ సంతోషం తర్వాత కూడా నిలిచేది. వివేచన, అంటే మనసులోని కదలికలను బట్టి దేవుడి దారిని గుర్తుపట్టడం, అక్కణ్ణుంచే మొదలైంది. మనసు చీకటిగా ఉన్నప్పుడు ముందు చేసుకున్న నిర్ణయం మార్చుకోవద్దన్నది ఇగ్నేషియస్ గారు పెట్టిన నియమం. ఒకరోజు మన బ్యాచ్ మిత్రుడొకడు పెట్టె సర్దుకుని వెళ్లిపోతానని వస్తే, మన స్పిరిచువల్ ఫాదర్ గారు "వెళ్దువుగానిలే, ఈ రాత్రికి మాత్రం వద్దు" అన్నారు. వాడు కొంతకాలం తర్వాత వెళ్లే వెళ్లాడు. కానీ ఏడుస్తూ కాదు, అందరికీ చెప్పి, నవ్వుతూ వెళ్లాడు.

ఆయన దగ్గర అంత విప్పి మాట్లాడగలగడం వెనుక శ్రీసభ (క్యాథలిక్ సంఘం) చట్టం కూడా ఉంది. ఒకరిని గురుపట్టానికి, అంటే ఫాదర్‌గా అభిషేకించడానికి, అనుమతించాలా, సెమినరీ నుంచి పంపించాలా అని నిర్ణయించేటప్పుడు స్పిరిచువల్ ఫాదర్ అభిప్రాయం గానీ, పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) వినే గురువు అభిప్రాయం గానీ అడగనే కూడదని 240వ నిబంధన చెబుతుంది. 1026వ నిబంధన ఇంకా గట్టిది. పట్టం పుచ్చుకునేవాడికి తగిన స్వేచ్ఛ ఉండాలి, ఏ కారణంతోనైనా సరే ఎవరినీ బలవంతపెట్టకూడదు, అర్హుణ్ణి ఆపనూ కూడదు. అందుకే పట్టానికి ముందు అభ్యర్థి తన ఇష్టంతోనే వస్తున్నానని స్వయంగా చేత్తో రాసి సంతకం పెట్టాలి.

మరి మనం బయట చేస్తున్నదేమిటి? పదో తరగతి కుర్రాడు సెమినరీలో చేరగానే చుట్టాలంతా "చిన్న ఫాదర్ గారొచ్చారు" అంటారు. ప్రేమతోనే అంటారు, నిజమే. కానీ వాడికి సందేహం వచ్చిన రోజున ఆ మాటే గొంతుకు అడ్డం పడుతుంది. చదువుకు సాయం చేసినవాళ్లు "మేం చదివిస్తున్న అబ్బాయి" అని నలుగురిలో చెప్పుకుంటే వాడి మీద ఇంకో బరువు పడుతుంది. దయచేసి అలా చేయకండి. కుటుంబమే మొదటి సెమినరీ లాంటిదని 1965లో ప్రపంచ క్యాథలిక్ బిషప్పులు కూడిన రెండవ వాటికన్ మహాసభ చెప్పింది. ఆ ఇంట్లో "నువ్వు తిరిగొచ్చినా మా బిడ్డవే" అనే మాట వాడు ముందే, చేరిన రోజునే వినాలి. ఆ భరోసా ఉన్నవాడే నిజంగా స్వేచ్ఛగా "సరే ప్రభూ" అనగలడు. నేను చూసిన మంచి గురువుల్లో చాలామంది అలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే.

పక్కన నిలబడటమంటే అన్నిటికీ ఊరికే తలూపడం కాదు. ఫ్రాన్స్‌కు చెందిన పునీత జాన్ మరియ వియాన్నీ గారికి, గురువు కావాలంటే అప్పట్లో తప్పనిసరైన లాటిన్ ఎంతకీ ఒంటబట్టలేదు. లియోన్ సెమినరీ వాళ్లు పంపించేశారు. ఎకుల్లీ విచారణ గురువు బల్లే గారు మాత్రం వదల్లేదు. దగ్గర కూర్చోబెట్టుకుని చదివించారు, పెద్దల దగ్గరికెళ్లి ఆయన తరఫున మాట్లాడారు. 1815లో వియాన్నీ గారికి పట్టం వచ్చింది. తర్వాత ఆయనే విచారణ గురువులందరికీ పాలక పునీతుడయ్యారు. ప్రతిభ లేదని అందరూ అనుకున్నచోట పిలుపును చూసిన ఆ బల్లే గారంటే నాకు వియాన్నీ గారికన్నా ఎక్కువ అభిమానం.

పాస్కా (ఈస్టర్) కాలంలో నాలుగో ఆదివారం, మంచి కాపరి ఆదివారం నాడు, దైవపిలుపుల కోసం, అంటే గురువులుగా, కన్యలుగా సేవకు వచ్చేవాళ్ల కోసం, క్యాథలిక్ లోకమంతా ప్రార్థిస్తోంది; ఈ ప్రార్థనా దినం 1964లో మొదలైంది. ఆ రోజున సెమినరీలో ఉన్నవాళ్లతో పాటు మధ్యలో వెళ్లిపోయినవాళ్ల పేర్లు కూడా తలుచుకోవాలని నా మనవి. బయటికొచ్చిన కుర్రాడికి మొదటి ఏడాది నరకం. స్నేహితులంతా లోపలే ఉంటారు, బయట తోటివాళ్లు ఉద్యోగాల్లో కుదురుకుని ఉంటారు. ఇంటర్వ్యూలో "ఇన్నేళ్లు ఏం చేశావ్?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియదు. వాడికప్పుడు కావాల్సింది డిగ్రీలో చేరడానికి దారి చూపే ఒక మనిషి, తెలిసినచోట ఒక రికమెండేషన్, నెలకొకసారి ఒక ఫోను.

మన పూర్వ విద్యార్థుల సంఘం ఈ పని చేయగలదు. మనలో టీచర్లున్నారు, లాయర్లున్నారు, బ్యాంకుల్లో ఉన్నవాళ్లున్నారు. ఆహ్వానాలు పంపే జాబితాలో ఇప్పటికి పట్టం పొందినవాళ్లు, కోర్సు పూర్తిచేసినవాళ్లు మాత్రమే కనిపిస్తున్నారు. నా బ్యాచ్‌లో మధ్యలో వెళ్లిపోయినవాళ్ల ఫోన్ నంబర్లు నేను సేకరించడం మొదలుపెట్టాను. మిగతా బ్యాచ్‌ల నుంచి ఒక్కొక్కరు ముందుకొస్తే వచ్చే సమావేశం నాటికి జాబితా పూర్తవుతుంది.