ఉదయగిరి వైపు నుంచి ఒక ప్రశ్న

2004 సెప్టెంబరు 20న దూరవిద్య పాఠాల కోసం శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ ఉపగ్రహం ఎగిరినప్పుడు సూళ్లూరుపేటలో మిద్దెక్కి చూశాను. అప్పుడది మా నెల్లూరు జిల్లాయే.

ఇప్పుడు కావలిలో దూరవిద్య విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతున్నాను. నిరుడు 50 నిమిషాల వీడియో పంపితే ఉదయగిరి దగ్గరి పల్లె నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది: "సార్, బొమ్మ ఆగిపోతోంది, మీ గొంతూ తెగిపోతోంది."

చాలా బాధ కలిగింది. పాఠాన్ని ఆరేడు నిమిషాల ముక్కలు చేశాను. మాటలను విడిగా ఆడియోగా పంపాను. నల్లబల్లకు బదులు గ్లాసు నీళ్లలో పెన్సిల్ ముంచి, అది విరిగినట్టు కనబడే చోట కెమెరా నిలిపాను.

నిన్న మళ్లీ ఫోను. "బస్సులో విన్నాను సార్, ఇంటికెళ్లి పెన్సిల్ ముంచి చూశాను. నీళ్లకు బదులు నూనె పోస్తే?"

నూనె వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య, నీటికన్నా ఎక్కువ. మాటల్లో చెప్పలేదు. ఈ రాత్రి నూనె గ్లాసుతో చిత్రీకరిస్తున్నాను.