పల్లెలో యువత రక్తహీనత: పరీక్ష నుంచి మందు దాకా మా అనుభవం

10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో రక్తహీనత తగ్గించడానికి ఊళ్లో ఏడాది పాటు పనిచేశాక మాకు గట్టిగా తెలిసినది ఒకటే. వేలు గుచ్చి హిమోగ్లోబిన్ చూడటం ఒక్క రోజు పని. తక్కువ ఉన్న పిల్ల చేతికి మందు అందడం, ఆ మందు ఆగకుండా సాగడం, ఏడాదంతా చేయాల్సిన పని. ఇది మొదలుపెట్టాలనుకునే వాళ్ల కోసం మా పద్ధతి రాస్తున్నాను.

ముందు జాబితా. బడి రిజిస్టరు ఒక్కటే తీసుకుంటే బడి మానేసినవాళ్లు, తెల్లవారే పనికి పోయేవాళ్లు తప్పిపోతారు. సాయంత్రాలు ఇంటింటికీ తిరిగి రాసుకున్న జాబితానే నమ్ముకోవాలి. మగపిల్లల్ని వదిలేయకండి, ఒక్కసారిగా పొడుగు పెరిగే వయసులో వాళ్లకూ ఐరన్ అవసరం ఎక్కువే. 18 ఏళ్ల లోపు వాళ్లకు తల్లిదండ్రుల సంతకం కావాలి, పిల్లల ఒప్పుదల కూడా విడిగా అడగాలి. ఒప్పుకోని పిల్లను బలవంతంగా కూర్చోబెడితే మళ్లీ మన దగ్గరికి రాదు.

పరీక్షలో తప్పులు ఎక్కువగా వేలి దగ్గరే జరుగుతాయి. ఉంగరపు వేలు లేదా మధ్య వేలు తీసుకుని, కొనకు కాస్త పక్కగా గుచ్చాలి. స్పిరిట్ పూర్తిగా ఆరాకే గుచ్చాలి, తడి ఉంటే రక్తంలో కలుస్తుంది. మొదట వచ్చే చుక్కల్ని పొడి దూదితో తుడిచేసి, ఆ తర్వాతి పెద్ద చుక్కను వాడాలి. రక్తం రావడం లేదని వేలు పిండితే కండలోని నీరు కలిసి అంకె తక్కువ చూపిస్తుంది. చేతులు చల్లగా ఉన్నవాళ్ల చేత ముందే గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టించి, బాగా తుడిపించాలి. క్యువెట్, అంటే రక్తపు చుక్కను పీల్చుకుని యంత్రంలో పెట్టే చిన్న ప్లాస్టిక్ పలక, ఒక్కసారిలో నిండాలి. బుడగ కనిపిస్తే అది పారేసి కొత్తది తీసుకోవాలి, మళ్లీ నింపకూడదు. క్యువెట్ల డబ్బా మూత తీసి ఉంచితే తేమ పట్టి పాడవుతాయి, అందుకే తెరిచిన తేదీ డబ్బా మీదే రాసేవాళ్లం. వేలు గుచ్చే సూది (లాన్సెట్) ఒక్కరికే, ఒక్కసారికే. వాడినవి గట్టి డబ్బాలో వేసి, ముప్పావు వంతు నిండగానే మూసేయాలి. ఇంకో మాట: అంకెను పైకి చదవకండి. చీటీ మీద రాసి, మడిచి చేతికివ్వండి. పదిమందిలో విన్న అంకె ఆ పిల్లకు పేరుగా అంటుకుపోతుంది.

డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ 11 ఏళ్ల దాకా 11.5 గ్రాముల కంటే, 12 నుంచి 14 ఏళ్ల వాళ్లకు 12 కంటే, 15 దాటిన ఆడపిల్లలకు 12 కంటే, మగపిల్లలకు 13 కంటే తగ్గితే రక్తహీనత. గర్భంతో ఉన్నవాళ్ల లెక్క వేరు. 8 కంటే తక్కువైతే అది తీవ్రమైనది. వాళ్లను చీటీ ఇచ్చి పంపేయకుండా అదే రోజు వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

మిగతావాళ్లకు చీటీలిచ్చి ఊరుకుంటే చాలామంది వెళ్లరు. నిర్లక్ష్యం అనుకుంటాం గానీ కారణం అది కాదు. ఆరోగ్య కేంద్రం తెరిచి ఉండే వేళకే బడి, పని ఉంటాయి, తోడు వెళ్లే తల్లికి ఆ రోజు కూలి పోతుంది. అందుకే కేంద్రం వాళ్లతో మాట్లాడి వారానికి ఒక మధ్యాహ్నం ఖాయం చేసుకుని, ఐదారుగురిని కలిపి ఆరోగ్య కార్యకర్తతో పంపాం. రిజిస్టరులో ‘పంపిన తేదీ’ పక్కనే ‘మందు మొదలైన తేదీ’ అని ఇంకో గడి పెట్టాం. రెండో గడి ఖాళీగా ఉన్న ఇళ్లకు రెండు వారాలకోసారి వెళ్లాలి. మొదటి గడి నిండితే పని అయిపోయిందని నమ్మడమే ఈ మొత్తంలో పెద్ద పొరపాటు.

చికిత్స రోజువారీ ఐరన్ మాత్రలతో, డాక్టరు చెప్పిన మోతాదులో సాగుతుంది. నెల తర్వాత మళ్లీ చూస్తే కనీసం ఒక గ్రామన్నా పెరగాలి. పెరగలేదంటే మాత్ర వేసుకోకపోవడం, నెలసరిలో రక్తం ఎక్కువగా పోవడం, నులిపురుగులు, లేదా తలసీమియా, సికిల్ సెల్ లాంటి పుట్టుకతో వచ్చే రక్త జబ్బులు కారణం కావచ్చు. మాత్రలు పెంచడం కాదు, పెద్ద పరీక్షలకు పంపడం అవసరం. అంకె మామూలుకొచ్చాక కూడా ఒంట్లో ఐరన్ నిల్వ నిండడానికి ఇంకో మూడు నెలలు వాడించాలి. ఒంట్లో ఓపిక రాగానే మానేసేవాళ్లు ఇక్కడే జారిపోతారు.

వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర చికిత్స కాదు, నివారణ. నెలసరి మొదలైన ఆడపిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మోతాదు 60 మిల్లీగ్రాముల ఐరన్, 2.8 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్, వారానికి ఒకటి. కొన్ని దేశాల మాత్రల్లో ఫోలిక్ యాసిడ్ మోతాదు వేరే ఉంటుంది, ప్యాకెట్ చూసుకోండి. మలేరియా ఉన్న చోట దాని నివారణ కూడా పక్కనే సాగాలి. వందమందికి 52 వారాలకు 5,200 మాత్రలు, పదిశాతం అదనంగా కలిపితే 5,720. ఇంటికి పంపకుండా మన ఎదుటే, అన్నం తిన్నాక మింగించాలి. ఇంట్లో పసిపిల్లలు ఈ మాత్రలు మింగితే ప్రాణాపాయం, ఎదుటే మింగించడానికి అది కూడా కారణం. టీ, కాఫీ ఓ గంట ముందూ వెనకా వద్దు. మలం నల్లగా వస్తుందని, కాస్త వికారం ఉండొచ్చని ముందే చెప్పాలి. చెప్పకపోతే ఒకరికి వాంతి కాగానే పదిమంది భయంతో కళ్లు తిరిగి కూర్చుంటారు, మర్నాడు ఊరంతా మాత్రల మీద అనుమానం. ఒక వారం తప్పితే తర్వాతి వారం రెండు వేయకూడదు.

నులిపురుగుల మాత్ర, ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, నమిలి తినాలి. నులిపురుగుల బెడద ఉన్న ప్రాంతాల్లో ఏడాదికి ఒకటి, బెడద ఎక్కువైతే రెండు. జ్వరంతో ఉన్నవాళ్లకు ఆ రోజు ఆపాలి. మొదటి మూడు నెలల గర్భంలో ఇవ్వకూడదు కాబట్టి పెద్ద ఆడపిల్లల్ని ఒంటరిగా, మెల్లగా అడగాలి. దీన్ని ఐరన్ ఇచ్చే రోజున కాక వేరే రోజున పెట్టుకున్నాం, ఎవరికైనా ఇబ్బంది వస్తే దేనివల్లో తెలియడానికి.

ఏడాది చివర మళ్లీ కొలిచేటప్పుడు అదే యంత్రం, అదే చేతి వేలు, వీలైతే అదే మనిషి. ఒకే మనిషికి రెండు చుక్కల మధ్యే అర గ్రాము తేడా రావచ్చు, కాబట్టి 11.6 నుంచి 12 అయిందని ఒకరి విషయంలో ఏదీ తేల్చకూడదు. అలాంటివాళ్ల పేరు పక్కన చుక్క పెట్టి, నెల తర్వాత మరోసారి చూసేవాళ్లం.