చంకలో గ్రంథులన్నీ తీయించుకోకుండా బయటపడ్డాను

రొమ్ములో గడ్డ క్యాన్సరేనని బయాప్సీలో తేలాక బరంపురంలో ఒక సర్జన్‌ను కలిశాను. "చంకలోని లింఫ్ గ్రంథులు కూడా తీసేయాలమ్మా" అన్నారాయన. అల్ట్రాసౌండ్‌లో అవి మామూలుగానే ఉన్నాయి కదా, ఎందుకు తీయాలని అడిగాను. క్యాన్సర్ పాకితే మొదట చేరే గ్రంథిని గుర్తించే సదుపాయం తమ దగ్గర లేదని దాచకుండా చెప్పి, విశాఖ వెళ్లమన్నారు. పర్లాకిమిడిలో నాకు కుట్టుమిషనే జీవనాధారం. గ్రంథులన్నీ తీశాక చెయ్యి వాచిపోయి అలాగే ఉండిపోయినవాళ్లను చూశాను. అందుకే వెళ్లాను.

విశాఖ డాక్టరు గారు ఓపికగా వివరించారు. రొమ్ము నుంచి వచ్చే లింఫ్ ద్రవం ముందుగా చేరే ఒకటి రెండు గ్రంథులే సెంటినెల్ గ్రంథులు. వాటిలో క్యాన్సర్ లేకపోతే మిగతావాటి జోలికి వెళ్లనక్కర్లేదు. చాలాకాలంగా టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం ఎక్కించి, ఆ రేడియేషన్‌ను పసిగట్టే గామా ప్రోబ్‌తో వాటిని వెతుకుతున్నారు. మోతాదు బాగా తక్కువ, రోగికి భయం లేదు. చిక్కల్లా ఏర్పాట్లతోనే. టెక్నీషియం ప్రతి 6 గంటలకూ సగమైపోతుంది. న్యూక్లియర్ మెడిసిన్ విభాగం కావాలి, అనుమతులు కావాలి. మా గజపతి జిల్లా లాంటి చోటికి అవన్నీ ఎప్పుడు వస్తాయి? రేడియేషన్ లేని పరికరాలు ముందుగా మాలాంటి వాళ్లకే అందాలని నా గట్టి కోరిక.

నాకు వాడినది ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో మెరిసే ఐసీజీ అనే రంగు, దాన్ని చూసే చేత్తో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా. అయోడిన్ పడని ఒళ్లా అని ముందే అడిగారు. మత్తు ఇచ్చాక చనుమొన దగ్గర రంగు ఎక్కించి, కాసేపు మర్దన చేసి, థియేటర్ దీపాలు తగ్గించి చూశారట. తర్వాత వీడియో చూపించారు. చర్మం కింద సన్నని వెలుగుగీత చంక వైపు పాకుతూ వెళ్లింది. దాని వెంటే వెళ్లి గ్రంథులను తీశారు. ఇనుప రేణువుల ద్రావణం ఎక్కించి, అయస్కాంత ప్రోబ్‌తో వెతికే పద్ధతి కూడా ఉంది కానీ పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు అది పనికిరాదు.

ఇంటికొచ్చాక చాలామంది "ఆ కెమెరాలో క్యాన్సర్ కనిపిస్తుందా?" అని అడిగారు. కనిపించదు. ఏ గ్రంథిని పరీక్షించాలో అది చూపిస్తుంది, తేల్చేది పాథాలజిస్టు. ఆపరేషన్ మధ్యలోనే గ్రంథిని గడ్డకట్టించి చేసే ఫ్రోజెన్ సెక్షన్ అనే త్వరిత పరీక్షలో ఏమీ లేదన్నారు. అందులో దొరకని కణాలు పూర్తి పరీక్షలో బయటపడవచ్చు కనుక, చివరి రిపోర్టు వచ్చేదాకా నాకు కంటిమీద కునుకు లేదు. అందులోనూ ఏమీ లేదు.

గ్రంథుల్లో క్యాన్సర్ ముందే తేలినవాళ్లకు చికిత్స వేరుగా ఉంటుంది. తేలనివాళ్లు మాత్రం సంతకం పెట్టేముందు, సెంటినెల్ బయాప్సీ తమకు కుదురుతుందా, ఇక్కడ కాకపోతే ఎక్కడ చేస్తారు అని తప్పక అడగండి. కొన్నిచోట్ల నీలిరంగు మందు వాడతారు. అలాంటప్పుడు మర్నాడు మూత్రం ఆకుపచ్చగా వస్తే కంగారు పడకండి.