24 సీసాల నీళ్ళు

ఇంటర్ అయ్యాక జియాలజీలో చేరుతున్నానంటే మా నాయన నవ్వాడు. "రాళ్ళు చూడ్డానికి కాలేజీ ఎందుకురా, నాతో చీమకుర్తి రా, పొద్దుగూకులూ చూపిస్తా" అన్నాడు. ఆయన అక్కడ క్వారీలో టిప్పర్ డ్రైవర్. మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. నాకు కంప్యూటర్స్‌లో సీటు దొరకలేదు, జియాలజీలో ఖాళీలు ఉన్నాయి, చేరాను. అంతకు మించిన గొప్ప కారణం ఏమీ లేదు.

మొదటి సెమిస్టరంతా ట్రేలో రాళ్ళు పెట్టి పేర్లు చెప్పమనేవాళ్ళు. గోటితో గీస్తే గీత పడిందా, గాజును గీసిందా, పింగాణీ పలక మీద రుద్దితే పొడి ఏ రంగు వచ్చింది అని చూడాలి. నాకు విసుగొచ్చేది. చీమకుర్తి ఫీల్డ్ ట్రిప్‌తో కొంచెం మారాను. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ రాయిని చూపించి మా సార్ "ఇందులో క్వార్ట్జ్ కనిపిస్తోందా?" అన్నారు. క్వార్ట్జ్ అంటే పలుగురాయి. లెన్స్ పెట్టి ఎంత వెతికినా లేదు. గ్రానైట్ అనాలంటే క్వార్ట్జ్ బాగా ఉండాలి. ఇది ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్ అనే ఖనిజాలతో ఏర్పడిన గాబ్రో జాతి రాయి. మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. ఇంటికొచ్చి ఆ రాత్రే నాయనకు చెప్పాను, ఇన్నేళ్ళూ నువ్వు మోసింది గ్రానైట్ కాదని. "బిల్లులో గ్రానైట్ అనే ఉంటది గదరా" అని అన్నం కలుపుకున్నాడు.

రెండో ఏడాది, 2024 డిసెంబరులో, ముండ్లమూరు, తాళ్ళూరు వైపు భూమి కంపించింది. ఆ మూడు రోజులూ చుట్టాలందరూ నాకే ఫోన్లు. నేనేదో భూకంపాల ఆఫీసరునైనట్టు. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో వచ్చిందనీ, దాని ముందు ఇవి చిన్నవనీ చెప్పాను. మా పెద్దమ్మ మాత్రం ఆ వారమంతా వాకిట్లోనే పడుకుంది.

అసలు కష్టం చివరి ఏడాది ప్రాజెక్టుతో మొదలైంది. నేను తీసుకున్నది మా చుట్టుపక్కల ఊళ్ళ నీళ్ళలో ఫ్లోరైడ్. దీనికో సొంత కారణం ఉంది. నా పై పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. టెన్త్ గ్రూప్ ఫొటోలో నోరు మూసుకుని నిలబడింది నేనొక్కడినే. సరిగా తోముకోకపోవడం వల్లే అనుకునేవాణ్ణి. పళ్ళు తయారయ్యే వయసులో తాగిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే అవి వస్తాయని కాలేజీలోనే తెలిసింది.

24 చోట్ల నీళ్ళు పట్టాలి, వానలకు ముందోసారి, తర్వాతోసారి. పుస్తకాల్లో ఎక్కువగా నైరుతి రుతుపవనాల లెక్కే ఉంటుంది, అందుకని అక్టోబరులో రెండో విడత పెట్టుకున్నాను. సార్ కొట్టేశారు. "మన దగ్గర గట్టి వానలు పడేదే అక్టోబరు, నవంబరుల్లో. జనవరి దాకా ఆగు" అన్నారు. తుఫాను వస్తే కాలేజీకి సెలవిస్తారని ఎదురుచూడటమే తప్ప, చిన్నప్పటి నుంచీ తడుస్తున్న వాన ఏ నెలదో ఆలోచించలేదు.

మే నెలలో మొదటి విడత. మా బాబాయి బండి మీద తిరిగాను. బోరు మోటారు వేయగానే పట్టకూడదు, పైపులో నిలవున్న నీళ్ళు పోయేదాకా పదినిమిషాలు వదలాలి. సీసా ప్లాస్టిక్‌దే అయ్యుండాలి, అవే నీళ్ళతో మూడుసార్లు తొలవాలి. పీహెచ్, అంటే నీళ్ళ ఆమ్ల, క్షార గుణం, అక్కడికక్కడే చూడాలి. పదినిమిషాలు నీళ్ళు వదిలేస్తుంటే ఊళ్ళో వాళ్ళు ఊరుకుంటారా? ఒకచోట బిందె పట్టుకుని నిలబడ్డ అవ్వ "ఏందయ్యా, మాకు తాగను లేకపోతే నువ్వు నేలపాలు చేస్తండావు" అంది. ఆ నీళ్ళన్నీ ఆమె గేదెల తొట్టిలోకి వదిలాక శాంతించింది. ఇంకోచోట ఒకాయన నన్ను పొలానికి తీసుకెళ్ళి కొత్త బోరుకు పాయింటు పెట్టమన్నాడు. మా వైపు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తారు, అది లేచి నిలబడ్డచోట బోరు వేస్తారు. మాకు నేర్పింది వేరు. నాలుగు ఇనుప కడ్డీలు వరసగా భూమిలో దిగ్గొట్టి, ఆ చివరా ఈ చివరా ఉన్న రెండింటి గుండా కరెంటు పంపి, మధ్య రెండింటి దగ్గర వోల్టేజి చూస్తారు. కడ్డీల ఎడం పెంచేకొద్దీ లోతు సంగతి తెలుస్తుంది. ఆ మెషిన్ నా దగ్గర లేదన్నాను. "కాయ ఉందా పోనీ?" అన్నాడు.

అంతా అయిందనుకున్నాను. సీసాల మీద నంబర్లు స్కెచ్ పెన్నుతో రాశాను. ఐస్ పెట్టెలో చెమ్మకు 11 సీసాల మీద అంకెలు కరిగిపోయాయి. ఏ నీళ్ళు ఏ ఊరివో దేవుడికే తెలియాలి. గుర్తున్నట్టు వేసేద్దామని ఒక ఫ్రెండ్ సలహా. ఒక పూటంతా ఆ ఆలోచనతోనే కూర్చున్నాను, అబద్ధమెందుకు. చివరికి సార్‌కు చెప్పేశాను. ఆయన తిట్టలేదు. "పర్మనెంట్ మార్కరు కొనుక్కో, దాని మీద టేపు అంటించు, మళ్ళీ పో" అన్నారంతే. 43 డిగ్రీల ఎండలో అవే ఊళ్ళు మళ్ళీ తిరిగాను. అవ్వ ఈసారి తొట్టి ముందే ఖాళీగా పెట్టింది.

ల్యాబ్‌లో ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ పెట్టి చూస్తే సగానికి పైగా బోర్లు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటాయి. వేరే నీళ్ళు దొరకనప్పుడు మన దేశంలో ఒప్పుకునే హద్దు అది. కారణం కాళ్ళ కిందే ఉంది. కనిగిరి గ్రానైట్‌లో బయోటైట్, ఫ్లోరైట్ అనే ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. లోతు పగుళ్ళలో నీళ్ళు ఏళ్ళ తరబడి ఆ రాతిని అంటిపెట్టుకుని ఉంటాయి. కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది. మా నీళ్ళలో సోడియం, బైకార్బొనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ, అందుకని కరిగే ఉంటుంది.

వైవాలో బయటినుంచి వచ్చిన మేడం ఒకటే అడిగారు: "కాచి చల్లారిస్తే ఫ్లోరైడ్ పోతుందా?" పోతుందనేశాను. మా నాయనమ్మ జీవితమంతా కాచిన నీళ్ళే ఇచ్చింది మరి. అన్న మరుక్షణం తట్టింది, ఆవిరయ్యేది నీళ్ళు, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగులుతుంది, ఇంకా చిక్కబడుతుంది. దిద్దుకున్నాను. ఆవిడ తల కూడా ఎత్తకుండా మార్కులు వేసుకున్నారు.

ఇంటికొచ్చి ఫలితాల టేబుల్ తీసి అమ్మకు చూపించాను. మా వీధి బోరు హద్దు దాటింది. ఊళ్ళో తీసిన వాటిలో హద్దులోపల ఉన్నది ఒక్కటే, చెరువు కట్ట కింద పాత బావి. లోతు తక్కువ, చెరువు నీళ్ళు ఊరుతుంటాయి కాబట్టి. క్రిములు లేకుండా చేస్తే తాగొచ్చు అన్నాను.

"ఆ బావా? పోయినేడు దాంట్లో గేదె పడి చచ్చింది" అంది అమ్మ, ప్లాంటు నీళ్ళ క్యాను వంచుతూ.